ఎస్‌ఎంబీలోరిస్

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ సేవను స్తంభింపజేసే భద్రతా లోపం. ఎటర్నల్‌బ్లూ అనే ఎస్‌ఎంబీ దాడి సాధనాన్ని విశ్లేషిస్తున్న రిస్క్‌సెన్స్ సంస్థ పరిశోధకుల కంటబడింది. 2017 జూలైలో డెఫ్‌కాన్ సదస్సులో బయటపెట్టారు.

కనెక్షన్ మొదట్లో వచ్చే 4 బైట్ల శీర్షిక, వెనక రాబోయే సందేశం పొడవు చెబుతుంది. సర్వర్ దాన్ని నమ్మి, లాగిన్ కూడా అడగకముందే, దాదాపు 128 కిలోబైట్ల మెమరీ పక్కన పెట్టేస్తుంది. డిస్క్‌కు తరలించే వీల్లేని మెమరీ అది. దాడిచేసేవారు సందేశం పంపరు, కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోతారు. ఒక్క ఐపీ చిరునామాకున్న 65,535 పోర్టులతోనే సుమారు 8 గిగాబైట్లు హరించుకుపోతాయి. చిన్న యంత్రం మహా సర్వర్‌ను కూల్చగలగడమే ఇందులోని అసలు ప్రమాదం.

దీనికి భద్రతా నవీకరణ ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ అప్పట్లో చెప్పింది. ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టును ఇంటర్నెట్ వైపు మూసివేయడమే ప్రధాన రక్షణ. లినక్స్ వంటి వ్యవస్థల్లో ఎస్‌ఎంబీ సేవ అందించే సాంబా సర్వర్లలోనైతే ప్రాసెస్‌ల సంఖ్యకు పరిమితి పెట్టుకోవచ్చు.