కుక్కలతో బస్తర్ ప్రయాణం: మొదటి చిన్న మోటార్‌హోమ్ ఎలా ఎంచుకోవాలి?

విశాఖపట్నం నుంచి సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పుర్ సుమారు 300 కిలోమీటర్లు. తెలంగాణ వైపు నుంచి వెళ్లేవారికి భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఇంట్లో కుక్క ఉన్నవారికి మాత్రం దారి కంటే దాన్ని ఎలా తీసుకెళ్లాలన్నదే పెద్ద సమస్య. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు బ్రేక్‌వ్యాన్‌లోని పెట్టెలో పంపాలి. కుక్కను రానిచ్చే హోటల్ దొరకడం కష్టం. అందుకే వెనక మంచం, చిన్న వంటగట్టు ఉన్న మోటార్‌హోమ్ ఆలోచన వస్తుంది.

అమ్మేవారు ముందుగా చూపించేవి మడత మంచం, టీవీ, టాయిలెట్. కుక్కతో వెళ్లేవారు ముందు అడగాల్సింది వేరే ఉంది. మనం బండి దిగి వెళ్లినప్పుడు కుక్క ఎక్కడ ఉంటుంది, ఎంత వేడిలో ఉంటుంది?

బస్తర్‌లో ఈ ప్రశ్నను తప్పించుకోలేం. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహ రెండూ 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ నేషనల్ పార్కులో ఉన్నాయి. నేషనల్ పార్కుల్లోకి పెంపుడు కుక్కలను అనుమతించరు. ఇది అధికారుల చాదస్తం కాదు. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, కొన్నింటికి కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్లు తేలింది. అది కుక్కల్లో మామూలుగా కనిపించే వైరస్. చిత్రకోట్ జలపాతం పార్కు వెలుపల ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. అయినా ఇంద్రావతి అంచున బండలు పాకుడు పట్టి ఉంటాయి, గొలుసు వదలకూడదు. గుహ, తీరథ్‌గఢ్ చూసి రావడానికి సగం పూట పోతుంది. ఆ సగం పూట కుక్కకు మీ బండే ఇల్లు.

ఆగి ఉన్న బండిలో వేడి

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా లేదు. అంటే బయట హాయిగా 25 డిగ్రీలు ఉన్న డిసెంబరు మధ్యాహ్నం కూడా లోపల 45 దాటవచ్చు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడలేదు, రొప్పడమే దానికి దారి. పగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు అదీ సరిగా కుదరదు.

ఏసీ ఉంది కదా అంటారు. లెక్క వేద్దాం. 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 2.5 యూనిట్ల కరెంటు. గంటకు ఒక యూనిట్ తినే ఏసీ దానిమీద రెండున్నర గంటలు నడుస్తుంది. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు పెట్టినా, మంచి ఎండలో రోజంతటికీ వచ్చేది ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు. చెట్టు నీడన ఆపితే అదీ రాదు. అదే పైకప్పు ఎగ్జాస్ట్ ఫ్యాన్ 40 వాట్లతో పది గంటలు తిరిగినా అర యూనిట్ కూడా ఖర్చవదు.

కాబట్టి నా సలహా ఇది: డబ్బు ముందు పైకప్పు, గోడల ఇన్సులేషన్ మీద పెట్టండి. తర్వాత పైకప్పు ఫ్యాన్, దోమతెర ఉన్న కిటికీలు, బయటికి చాపే నీడ గుడ్డ. ఏసీ ఆ తర్వాతే. ఏసీ ఉన్నా కుక్కను లోపల పెట్టి తాళం వేసి వెళ్లకండి. ఇన్వర్టర్ ఆగిపోతే చెప్పడానికి దానికి నోరు లేదు. ఇద్దరు వెళితే వంతులవారీగా గుహ చూడాలి. ఒంటరిగా వెళ్లేవారు గుహను వదులుకోవాల్సిందే.

ఏ బండి?

మారుతి ఈకో చవక. ధర ఫోర్స్ ఉర్బానియాలో నాలుగో వంతు కూడా ఉండదు. కానీ వెడల్పు బయటి కొలతే 1,475 మిల్లీమీటర్లు. ఇద్దరికి పరుపు వేస్తే కుక్కకు చోటు మిగలదు. పైగా ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, ఆ వేడి లోపలికి వస్తుంది. ఒక మనిషి, ఒక చిన్న కుక్క అయితే సరిపోతుంది.

టాటా వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి. కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు కాబట్టి నేల కొంత దిగువన ఉంటుంది. మోకాళ్లు అరిగిన ముసలి లాబ్రడార్ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. ఫోర్స్ ట్రావెలర్‌లో పొట్టి వీల్‌బేస్ రకం మొదటి బండిగా మేలు. అందులో చోటు ఎక్కువ, కానీ మెట్టు ఎత్తు, ర్యాంపు కొనాలి. ఈ రెండూ అంబులెన్సులుగా, స్కూలు వ్యాన్లుగా తిరిగేవే. జగదల్‌పుర్ మెకానిక్‌కు కొత్త కాదు. ఉర్బానియా సుఖంగా ఉంటుంది, కానీ మొదటి బండికి అంత పెట్టుబడి అనవసరమని నా అభిప్రాయం. సాలూరు దాటాక ఘాట్ మలుపుల్లో పొడవు బండి తిప్పడం కూడా కొత్తవారికి కష్టమే.

ఏది కొన్నా, కుక్క బోను డ్రైవర్ సీటు వెనక, నేలకు బోల్టులతో బిగించి ఉండాలి. 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఢీకొని అర మీటరులో ఆగిపోతే, 25 కిలోల కుక్క దాదాపు 500 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు వస్తుంది. బోను తలుపుకు అడ్డం రాకూడదు. నేలకు జారని వినైల్ వేయించండి. టైల్స్‌లా మెరిసే ఫ్లోరింగ్ మీద ఘాట్ రోడ్డులో కుక్క నిలబడలేదు.

ఆర్సీ చూడండి

పాత వ్యాన్ కొని ఊళ్లో షెడ్డులో మార్పించుకుందామనే ఆశ చాలామందికి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీనికి అడ్డు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం ఉందా, ఆర్సీలో బండి తరగతి ఏమని రాసి ఉంది అనేవి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది అదే. లైసెన్స్ గురించి బెంగ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకూ ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. అద్దె బండి అయితే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో అడగండి. కొనే ముందు ఒకసారి అద్దెకు తీసుకుని, ఇంటికి దగ్గర్లోనే కుక్కతో రెండు రాత్రులు పడుకుని చూడటం మంచిది. కొన్ని కుక్కలకు కదిలే బండిలో వాంతులు ఆగవు.

అడవి పక్కన రాత్రి

బస్తర్‌కు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి. వాటికోసం మనుషులతోపాటు ఎలుగుబంట్లూ తెల్లవారుజామునే చెట్ల కిందికి వస్తాయి. ఆ వేళలో వదిలిన కుక్క ఎలుగును రెచ్చగొట్టి, తరుముకొచ్చే దాన్ని తిన్నగా యజమాని దగ్గరికే తీసుకొస్తుంది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. చీకటి పడ్డాక కుక్కను బయట కట్టేయకండి. బండిని కూడా అడవి అంచున కాకుండా ఊళ్లో, అడిగి ఆపుకోండి. కుంట, భోపాల్‌పట్నం వైపు తెలుగుతో పని జరుగుతుంది. భద్రతా తనిఖీలు ఉంటాయి కాబట్టి బండి కాగితాలు, కుక్క టీకా కార్డు చేతికి అందేలా పెట్టుకోండి. వారపు సంతల్లో కోళ్లు, కోడిపందేలు ఉంటాయి. వేట బుద్ధి ఉన్న కుక్కను అక్కడికి తీసుకెళ్లొద్దు.

బస్తర్‌లో మలేరియా సమస్య పాతది. మలేరియా రహిత బస్తర్ పేరుతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. కుక్కకు మలేరియా భయం లేకపోయినా, దోమల వల్ల గుండె పురుగు, గోమార్ల వల్ల టిక్ ఫీవర్ వస్తాయి. రేబిస్, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు బయలుదేరడానికి కనీసం నెల ముందే పూర్తి కావాలి. జగదల్‌పుర్ దాటాక పశువైద్యం ఎక్కువగా ఆవులు, మేకలకే ఉంటుంది. కాబట్టి మీ కుక్క వాడే మందులు, కట్టు గుడ్డ, థర్మామీటర్ బండిలోనే ఉండాలి. కుక్క ఒంటి వేడి 39.2 డిగ్రీల వరకు మామూలే. 40 దాటితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి ఆడనిస్తూ జగదల్‌పుర్ పశువైద్యశాలకు బయలుదేరండి.