వినడానికి కూడా పరీక్ష ఉంటదా? – మన ఇంగ్లీషు పరీక్షల కథ

పోస్టు పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. మేమంటే నూజివీడులో ఒకే హాస్టల్ గదిలో ఉంటున్న నలుగురం. ఇద్దరం ఎ.కొండూరు వైపు తండాల వాళ్ళం, ఒకడిది బుట్టాయిగూడెం పైన కోయగూడెం, ఇంకొకడు ఎరుకల. మా నాలుగిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

2024 ఏప్రిల్‌లో జరిగిన సంగతితో మొదలుపెడతాం. తోటల్లో బంగినపల్లి కోత నడుస్తోంది. సెలవు దొరికితే మేం కోతకి వెళ్తాం, ఆ కూలితోనే పరీక్ష ఫీజులు గడుస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం మా తండా తమ్ముడు, తొమ్మిదో తరగతి, బడి నుంచి నేరుగా తోటకొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఏందిరా అంటే, "పరీక్షన్నా. పెట్టెలోంచి ఎవరో ఇంగ్లీషులో మాట్లాడతారు, విని గుండ్రాలు దిద్దాలి. సగం వినపళ్ళా, వినపడింది అర్థం కాలా. నాలుగో ప్రశ్న కాడి నుంచి అన్నీ బి దిద్దేశా" అన్నాడు. చిక్కం కర్ర పట్టుకుని నిలబడ్డ మేస్త్రీ తాత కిసుక్కున నవ్వి, "వినడానికి కూడా పరీక్ష ఉంటదంట్రా?" అన్నాడు.

మేమూ నవ్వాం. కానీ ఆ తమ్ముడే సాయంత్రం కాయలు ఎక్కించేటప్పుడు లారీ డ్రైవర్‌తో హిందీలో, కమీషన్ దుకాణం గుమాస్తాతో తెలుగులో, వాళ్ళ యాడితో లంబాడీలో మాట్లాడుతుంటే మాకు నవ్వు ఆగిపోయింది. ఆ హిందీ వాడికి ఏ బడీ నేర్పలేదు. లారీల దగ్గర నిలబడి విని నేర్చుకున్నాడు. మూడు భాషల్ని చెవితో పట్టినవాడు వినే పరీక్షలో బి, బి, బి దిద్దుకుంటూ పోయాడంటే తప్పు ఎక్కడుందో చూడాలనిపించింది. అక్కణ్ణించి వెనక్కి తవ్వుకుంటూ పోయాం.

వెనక్కి పోతే ముందు తగిలేది 1835. మెకాలే తన నివేదిక రాసిన సంవత్సరం. ఆయన మాటల జోలికి ఎక్కువ పోం, అందరికీ తెలిసినవే. మన జిల్లా వైపు చూస్తే 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి పెట్టాడు, అదే తర్వాత నోబుల్ కాలేజీ. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, దానితో మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఇంగ్లీషు దాటితేనే గుమాస్తా కొలువైనా. 'మెట్రిక్ ఫెయిల్' అని కూడా పెళ్ళి సంబంధాల్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళంటే ఆ పరీక్ష ఎంత గట్టిగా నిలబడిందో చూడండి. అది కాగితం పరీక్ష. వ్యాకరణం, ఒకరు రాసింది ఇంకో రకంగా రాయడం, అనువాదం. చెవికి అందులో పని లేదు.

అయితే మాకు ఆశ్చర్యం వేసింది ఒకటుంది. అదే కాలంలో కింది తరగతుల్లో వినే పరీక్ష ఉండేది! 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా బడులకి ప్రభుత్వ గ్రాంటు ఫలితాలని బట్టి ఇచ్చేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కో పిల్లాణ్ణి నిలబెట్టి చదివించేవాడు, డిక్టేషన్ చెప్పి రాయించేవాడు, లెక్కలు అడిగేవాడు. పాసైన తలల లెక్కన బడికి డబ్బు. ఆ పద్ధతి చాలా చెడ్డది, గ్రాంటు కోసం పిల్లల చేత బట్టీ కొట్టించే అలవాటు అక్కడే ముదిరింది. కానీ చెప్పింది విని రాయడం అనే కొలత మాత్రం ఆ రోజుల్లోనే ఉంది. 1913లో కేంబ్రిడ్జి వాళ్ళు పరదేశీయుల కోసం మొదటిసారి ఇంగ్లీషు పరీక్ష పెట్టినప్పుడు అందులోనూ డిక్టేషన్ ఉంది, ఎదురుగా కూచుని మాట్లాడించడం ఉంది. రాసింది ముగ్గురు. ముగ్గురూ ఫెయిల్. (ఇది చదివి మా తమ్ముడు చాలా ఊరట పడ్డాడు.)

ఇదంతా జరుగుతున్నప్పుడు మనవాళ్ళు ఎక్కడున్నారు అని అడగాలి కదా. హాజరు పట్టీలో మనవాళ్ళ పేర్లూ ఉన్నాయి, కానీ అది బడి హాజరు కాదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకలవాళ్ళు పోలీసు ముందు నిలబడి పేరు పిలిస్తే పలకాలి. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పుట్టింది ఆ కాలంలోనే. పిలుపు వినపడకపోతే శిక్ష. మా గదిలో ఎరుకల మిత్రుడు ఇది చదివి, "అయితే వినే పరీక్ష మొదట రాసింది మా ముత్తాతలేరా" అన్నాడు. ఎవరం ఏం మాట్లాడలేదు. 1952లో గానీ ఆ ముద్ర చెరగలేదు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు. పుస్తకాల్లో ఆయన్ని వాడుక భాష ఉద్యమం వరకే చెప్పి వదిలేస్తారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, లిపి లేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండలెక్కి, వింటూ నేర్చుకున్నాడు. సవర పిల్లల కోసం పాఠాలు రాశాడు, బడులు నడిపాడు. 1931లో సవర భాష మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. కొండ జ్వరాలకి క్వినైన్ వాడీ వాడీ ఆయనకి చెవుడు వచ్చిందని చెప్తారు. మన భాష వినడానికి వచ్చి చెవులు పోగొట్టుకున్న మనిషి. పరీక్షల్లో మాట్లాడే తెలుగు రాయనివ్వాలని పోట్లాడింది కూడా ఈయనే. మాట్లాడేది ఒకటి, మార్కులు పడేది ఇంకొకటి అయితే పిల్లాడు ఏమవుతాడో ఆయనకి బాగా తెలుసని మా అభిప్రాయం.

ఇంగ్లీషు సంగతికొస్తే, 1926లో ఢాకాలో పనిచేసే మైకేల్ వెస్ట్ అనే ఆయన బెంగాల్ పిల్లల మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. పల్లెటూరి పిల్లాడికి ఇంగ్లీషు మాట్లాడే మనిషి జీవితంలో ఎదురు కాకపోవచ్చు, పుస్తకం ఎదురవుతుంది. పైగా చాలామంది బడి మధ్యలోనే మానేస్తారు. కాబట్టి ముందు చదవడం నేర్పండి, మానేసినా అదైనా మిగులుతుంది అని. ఆ రోజుకి అది నిజమే. ఇప్పటికీ కొంత నిజం. పట్టా కాగితం, బ్యాంకు నోటీసు, కోర్టు సమను ఇంగ్లీషులో వస్తే తండాలో చదివిపెట్టేది మేమే. చదవడాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు.

స్వతంత్రం వచ్చాక 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ పెట్టారు. అదే తర్వాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ. ముందు విను, తర్వాత మాట్లాడు, ఆపైన చదువు, రాయి అనే వరస టీచర్ల శిక్షణల్లో కొత్త మాటేం కాదు. పాఠం పుస్తకం ముందు పేజీల్లోనూ అదే రాస్తారు. పరీక్ష పేపర్ మాత్రం వేరే దారి. పదో తరగతి ఇంగ్లీషులో చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారు, అది చదివే నైపుణ్యం. వినేదానికి పబ్లిక్ పరీక్షలో సున్నా. ఇంటర్‌కి వెళ్తే ఇంకా విచిత్రం. ఉచ్చారణ మీద ప్రశ్నలుంటాయి. పలకని అక్షరం ఏదో గీత గీయాలి, ధ్వని గుర్తుల్లో ఉన్న మాటని మామూలు స్పెల్లింగులో రాయాలి, ఒత్తు ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టాలి. ఆ మాటని ఎవరైనా పలకగా ఒక్కసారి విన్నామా? లేదు. గైడు చూసి గుర్తులు బట్టీ పట్టాం, మార్కులు వచ్చాయి. మామిడిపండు బొమ్మ చూపించి తీపెంతో చెప్పమన్నట్టే ఉంటుంది.

చెవికి నేర్పే ప్రయత్నాలు అసలు జరగలేదని కాదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. చాలా తర్వాత ప్రాథమిక బడులకి 'విందాం నేర్చుకుందాం' అని రేడియో పాఠాలు వచ్చాయి. మేం చిన్నప్పుడు చదివిన బడిలో రేడియో ఉండేది, బీరువాలో. బ్యాటరీలు అయిపోయాక అక్కడే ఉంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా బోధన మొదలుపెట్టి కోయ, గోండి, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో వాచకాలు తయారు చేశారు. ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగుకి, అక్కణ్ణించి ఇంగ్లీషుకి దాటించాలని. మా నలుగురిలో ఆ పుస్తకం చేతికి వచ్చింది ఒక్కడికే.

2008లో మన నూజివీడుకి ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. గ్రేడ్లు వచ్చాక నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల పిల్లలకి 0.4 పాయింటు కలిపేవాళ్ళు. మామిడి తోటల మధ్య ఊళ్ళలో తెలుగు మీడియం చదివినవాళ్ళు ఒక్కసారిగా ల్యాప్‌టాప్ ముందు ఇంగ్లీషు లెక్చర్లు వినాల్సి వచ్చింది. పదో తరగతి ఇంగ్లీషులో ఎంత మంచి మార్కులు ఉన్నా, ఆ మార్కుల్లో వినికిడి మార్కు ఒక్కటీ లేదు కదా. 2019 నవంబరులో జీవో 81 ద్వారా ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలనుకున్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. మీడియం మీద టీవీల్లో కొట్టుకున్నంత, పిల్లాడికి ఏం వినపడుతోంది అన్నదాని మీద ఎవరూ కొట్టుకోలేదు.

ఇక తమ్ముడు రాసిన పరీక్ష. 2023 జూన్‌లో మన ప్రభుత్వం అమెరికాకి చెందిన ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. టోఫెల్ పెట్టేది వాళ్ళే. 3 నుంచి 5 తరగతులకి టోఫెల్ ప్రైమరీ, 6 నుంచి 9కి టోఫెల్ జూనియర్. ఈ జూనియర్ పరీక్ష మామూలుగా మూడు ముక్కలు. వినడం, భాషా రూపం, చదవడం. ఒక్కోదానికి 42 ప్రశ్నలు, 200 నుంచి 300 మధ్య స్కోరు. పాస్, ఫెయిల్ లేదు, ఏ మెట్టు మీద ఉన్నామో చెప్తుంది. వినే భాగంలో బడిలో టీచర్ మాటలు, ఇద్దరు పిల్లల సంభాషణ, చిన్న పాఠం లాంటివి ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో లక్షల మంది రాశారు. మేం తెలుసుకున్నంతలో, మన ప్రభుత్వ బడి పిల్లల చెవికి రాష్ట్రమంతా ఒకేసారి కొలత పెట్టింది అదే మొదలు. జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ కార్యక్రమం ఆగిపోయింది.

ఎవరు తెచ్చారు, ఎవరు తీశారు అనే గొడవ ఈ గ్రూపులో వద్దు. మా మాట ఇంతే. పరీక్ష మంచిదే, దాని ముందు జరగాల్సింది జరగలేదు. ఏడాదంతా వినిపించకుండా ఒక రోజు వినిపించి కొలిస్తే, కొలిచింది పిల్లాణ్ణి కాదు, బడిని. తమ్ముడి బడిలో స్పీకర్ గరగరమంటోంది, వెనక బెంచీకి అందలేదు, బయట ట్రాక్టర్లు. దక్షిణ కొరియాలో నవంబరులో ప్లస్ టూ పిల్లల పరీక్షప్పుడు ఇంగ్లీషు వినే భాగం జరిగే అరగంట పైగా దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు. చైనా గావొకావ్‌లో ఇంగ్లీషుకి మామూలుగా 150 మార్కులైతే 30 వినడానికే, చదివి అర్థం చేసుకోవడానికి అంతకన్నా ఎక్కువ. అక్కడి కొండ ఊళ్ళ పిల్లలకి అది సుఖంగా ఉంటుందని మేం అనడం లేదు. కానీ మార్కు ఉంది కాబట్టి హైస్కూలు మొదటి రోజు నుంచి క్లాసులో ఆడియో మోగుతుంది. మార్కు లేనిది మన దగ్గర ఏ మాస్టారూ ముట్టుకోరు, ముట్టుకుంటే సిలబస్ అవ్వదు. తెలంగాణలో 2023–24 నుంచి ఇంటర్ ఇంగ్లీషుకి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. అక్కడి మిత్రులు ఎలా జరుగుతున్నాయో రాయండి. నిజంగా వినిపిస్తున్నారా, రికార్డు రాయించి 20కి 20 వేస్తున్నారా?

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, పోయిన ఏడాది మా సీనియర్ అక్క ఒకామె ఉద్యోగానికి వెళ్ళింది. మార్కులకి తిరుగులేదు, ఇంగ్లీషు పేపర్ చదవగలదు, అర్జీ రాయగలదు. ఫోన్లో వచ్చే గొంతు విని తిరిగి చెప్పే రౌండు ఒకటి పెట్టారు. పది నిమిషాల్లో బయటికి వచ్చేసింది. "చూపిస్తే చదివేదాన్ని రా" అంది. అంతే అంది. ఇప్పుడు ఊళ్ళో ఉంది, ఈ వేసవిలో కాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులో మాతోపాటే పనిచేసింది.

ఆ తర్వాత మేం ఒక పని మొదలుపెట్టాం. రాత్రి తొమ్మిదికి ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు ఫోన్లో పెడతాం. విన్నంత వరకు నలుగురం నాలుగు కాగితాల మీద రాస్తాం, తర్వాత నాలుగూ కలిపి చూస్తాం. పాతకాలం ఇన్‌స్పెక్టర్ డిక్టేషనే, గ్రాంటు లేదంతే. మొదటి రాత్రి నాలుగు కాగితాల్లోనూ కలిపి ఊళ్ళ పేర్లు, మంత్రుల పేర్లు తప్ప ఏం లేవు. నెల దాటాక ఒక వార్త మొత్తం కుదిరింది. ముందు పట్టుకున్నది కోయ మిత్రుడు. వాళ్ళింట్లో అసలు పుస్తకమే లేదు, అంతా తాతల కథలు విని పెరిగినవాడు. ఆదివారం తమ్ముడూ వచ్చి కూచుంటున్నాడు.

మీ దగ్గర 2024 నాటి ప్రశ్నపత్రాలు, ఆడియో, పాత రేడియో పాఠాల క్యాసెట్లు ఏమున్నా పంపండి. మీ ఊళ్ళో సెటిల్‌మెంట్ బడిలోగానీ మిషన్ బడిలోగానీ డిక్టేషన్ రాసిన ముసలివాళ్ళు ఉంటే వాళ్ళు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. వాళ్ళ భాషలోనే ఉండనివ్వండి, తెలుగు చేయొద్దు.