వెదురు దబ్బల స్టార్

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో క్రిస్మస్‌కి స్టార్ కొనుక్కురావడం ఈమధ్య వచ్చిన అలవాటు. 1960ల చివర్లో, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మా పేటలో ఏ ఇంటి స్టార్ ఆ ఇంట్లోనే కట్టుకునేవాళ్లు. వెదురు దబ్బలు, పురికొస, గాలిపటాల కాగితం, చారెడు మైదా ఉంటే చాలు. మా నాయన మిషన్ బడిలో పంతులు. ఆ జీతంలో ముందు పిల్లల గుడ్డలు, ఆ తర్వాత పిండివంటలకు బెల్లం, నూనె. ఇంటి అలంకారానికి మిగిలేది చిల్లరే. ఆ చిల్లరతో మా పెద్దవాళ్లు చూపించిన పనితనం ఎవరూ రాసిపెట్టలేదు. మా సంఘాల చరిత్రల్లో దొరలున్నారు, బాప్తిస్మాల లెక్కలున్నాయి. చూరు కింద కూర్చుని కాగితం అతికించిన ఆడవాళ్లు లేరు.

మా వైపు బాప్టిస్టుల కథే ఒక నక్షత్రంతో ముడిపడి ఉంది. అమెరికా నుంచి 1836లో వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభలో, ఈ తెలుగు పని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. గోడ మీది పటంలో మిషన్ స్థావరాలకు నక్షత్రాల గుర్తులు పెట్టి ఉన్నాయి. ఇటువైపు నెల్లూరు దగ్గర ఉన్నది ఒక్కటే. దాన్ని చూసి ఎవరో ఒంటి నక్షత్రం అన్నారు. సభకు వచ్చిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాట మీదే పద్యం రాశాడు, మిషన్‌కు లోన్ స్టార్ అన్న పేరు స్థిరపడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నాళ్లలో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. మా నాయనమ్మ తరం ఈ కథ వింటూనే స్టార్‌కి కాగితం కత్తిరించింది.

ఆల్బనీ పటం మీది గుర్తే మా ఇళ్ల మీదికి ఎక్కిందని నేను చెప్పను. బెత్లెహేము చుక్క అన్ని దేశాల క్రైస్తవులదీ. జర్మనీలో నీస్కీ అనే ఊరి మొరేవియన్ బడిలో 1830ల్లో, పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో బహుకోణాల నక్షత్రం చేయించారు. తర్వాత అది హెర్న్‌హుట్‌లో పెద్ద వ్యాపారమై, ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే అమ్ముడవుతోంది. ఫిలిప్పీన్స్‌లో పంపాంగా ప్రాంతంలో 1908లో ఫ్రాన్సిస్కో ఎస్తనిస్లావో వెదురు దబ్బలకు పల్చటి కాగితం అతికించి, ఐదు కొనల దీపం చేశాడని చెబుతారు. వాళ్లు దాన్ని పరోల్ అంటారు. దాని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు మా ఇంటి స్టారే అనుకున్నాను. అదే వెదురు, అదే కట్టు, కొనలకు అవే కుచ్చులు. వెదురూ కాగితమూ చవగ్గా దొరికే చోట పేదవాడి చేతికి తోచిన దారి ఒకటే అయింది.

మా ఊళ్లో వెదురంటే మేదర వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. బుట్టలకు, తట్టలకు చీల్చిన దబ్బల్లో సన్నటివి పది ఏరి ఇచ్చేవాళ్లు. రెండు మూరల పొడవు కోసి, చేతికి పేళ్లు గుచ్చుకోకుండా కొడవలి అంచుతో గీకేవాళ్లం. ఐదు దబ్బలతో ఒక చట్రం. ఒకటి కింద, ఒకటి పైన వచ్చేట్టు అల్లి, కలిసిన ప్రతి చోటా పురికొసతో బిగించాలి. నక్షత్రం వంకర పోకుండా ఉండాలంటే ఒక కొలత ఉంది. ప్రతి దబ్బ మీదా రెండు కూడళ్లు పడతాయి. రెండు మూరల దబ్బకు ఆ రెంటి మధ్య ఎడం జానెడుకు అరంగుళం తక్కువ రావాలి, అటూ ఇటూ మిగిలేది సమానంగా ఉండాలి. మా నాయన బడిలో లెక్కలు చెప్పినా దీనికి స్కేలు పట్టలేదు, జానతో కొలిచి బొటనవేలి గోరుతో గీత పెట్టేవాడు.

అలాంటివి రెండు చట్రాలు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ కలిపి కట్టేస్తే పలకలా ఉంటుంది. అప్పుడు లోపలి ఐదు మూలల దగ్గర అరచెయ్యంత పొట్టి పుల్లలు నిలబెట్టి రెండు చట్రాలనూ ఎడం చెయ్యాలి. దబ్బలు విల్లులా వంగి బిగుసుకుంటాయి. నడుమ పొట్ట ఉబ్బుతుంది, కొనలు వాడిగా నిలుస్తాయి. ఆఖరి పుల్ల పెట్టడమే కష్టం. అది జారితే నాలుగూ రాలతాయి. మా అన్నయ్య చట్రం పట్టుకుంటే నేను వేళ్లు దూర్చి ఆ పుల్ల కట్టేదాన్ని, చిన్న చెయ్యి కాబట్టి.

మైదా జిగురు అమ్మ కాచేది. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ, పిండి తెల్లదనం పోయి మసకగా మెరిసేదాకా ఉంచేది. దించాక చిటికెడు మైలుతుత్తం కలిపేది. లేకపోతే అటక మీద బొద్దింకలూ ఎలుకలూ కాగితంతో పాటు జిగురంతా తినేస్తాయి. అది విషమని మమ్మల్ని ఆ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు, అతికించే పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించేది. కాగితం ముందుకు ఐదు త్రికోణాలు, ఒక పంచకోణం, వెనక్కీ అంతే, పక్కలకు సన్నటి త్రికోణాలు ఎనిమిది. ఎరుపు కొనలు, పసుపు నడుమ మా ఇంటి పద్ధతి. వెనక పంచకోణం ఒక అంచునే అంటించి తలుపులా వదిలేవాళ్లం. పైకొన పక్కలు రెండూ కాగితం లేకుండా ఉంచేవాళ్లం, పొగ పోవడానికి.

పొగ ఎందుకంటే, లోపల వెలిగేది కిరసనాయిలు బుడ్డి. అడుగున తీగ కట్టి, తీగకు రేకుముక్క బిగించి, దాని మీద బుడ్డి. గాలి వీస్తే స్టార్ నిమిషంలో బూడిద. అందుకే పెద్దవాళ్లు పడుకోబోయే ముందు తాడు సడలించి కిందికి దించి ఆర్పేవాళ్లు. గడకు కప్పీ కట్టి ఎక్కించే ఈ పద్ధతి ఊళ్లో అందరికీ తెలిసిందే. కార్తీకంలో శివాలయం ధ్వజస్తంభానికి ఆకాశదీపం అలాగే ఎక్కుతుంది. నెల పోయి ఆ దీపం దిగేసరికి మా పేటలో స్టార్లు లేచేవి. ఊరి దీపాలు మా పేట దాకా రాని రోజులవి. చేలగట్టు మీద నడిచి వచ్చేవాళ్లకు దూరం నుంచి కనపడే వెలుగు మాదే. పేటవాళ్లకు ఊరి మధ్యలో తలెత్తి నిలబడే చోటు లేని కాలంలో ఆ గడ మీది వెలుగుకు ఎంత విలువ ఉందో మాకే తెలుసు. కేరల్స్‌కి బయల్దేరిన గుంపు ముందు ఇంకో స్టార్ నడిచేది, పక్కన పెట్రోమాక్స్ లైటుతో.

మిగతా అలంకారం ఇంకా చవక. మట్టిగోడకు వెల్ల, అరుగు అంచుకు జాజు. నాయనమ్మ బోర్డింగు స్కూల్లో చదివింది. అమెరికా నుంచి వచ్చే పాత క్రిస్మస్ కార్డులు అక్కడ పిల్లలకు పంచేవాళ్లట. వాడిన కార్డులే, రాతలున్న సగం కత్తిరించేసి. ఆమె వాటిని ముప్పై, నలభై ఏళ్లు దాచింది. ఏటా పురికొసకు గుచ్చి, గోడకు మేకుల బదులు తుమ్మముళ్లు దించి వేలాడదీసేది. మట్టిగోడ మేకు పట్టదు, ముల్లు పట్టుకుంటుంది. వాడేసిన నోటుపుస్తకాల అట్టలతో కాగితం గొలుసులు. సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం గోరుతో సాపు చేసి, చింతగింజలకు చుడితే గుండ్రటి మెరుపు బొట్లు.

చెట్టు సరుగుడు కొమ్మ. సరుగుడు మనదేం కాదు, రైలింజన్లకు కట్టెలు కావాలని 19వ శతాబ్దంలో మద్రాసు తీరం పొడవునా తోటలు వేశారు. ఆ కట్టెల అవసరం బొగ్గుతో పోయింది, చెట్లు ఇసుకలో మిగిలాయి. చీరాల, బాపట్ల నుంచి బండ్లలో వచ్చే సరుగుడు కట్టెల్లోంచి పచ్చికొమ్మ ఒకటి అడిగి తెచ్చుకునేవాళ్లం. మంచు ఎరగని ఊరు మాది, పత్తికి కొరత లేదు. గింజ తీసిన దూదిని వేళ్లతో పల్చగా లాగి కొమ్మల మీద పరిస్తే పండగ పదిరోజులూ ఉండేది.

ఇప్పుడు ప్లాస్టిక్ స్టార్ వానకు తడవదు, ఏళ్ల తరబడి పనికొస్తుంది. కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. అయితే కట్టే అలవాటు పోవడానికి బజారు స్టార్ ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. ప్లాస్టిక్ బుట్టలు వచ్చాక మేదర వాళ్లు పని మానుకుని వెళ్లిపోయారు, పచ్చి దబ్బ అడగడానికి మనిషి లేకుండా పోయాడు. ఒకరి పని పడిపోయి ఇంకొకరి పండగను మార్చింది.

మా సంఘం యువజనులు మళ్లీ కడతామంటున్నారు. వాళ్లకు చెప్పేది ఇదీ. నవంబరు సగం లోపలే వెదురు తెచ్చుకోండి. ఎండినదైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టి తెల్లారి చీల్చండి. చట్రం జాగ్రత్తగా కడితే నాలుగేళ్లు నిలుస్తుంది, ఏటా కాగితమొక్కటే మారుస్తారు. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు, పొగ రాదు, వేడి కూడా అంతగా ఉండదు కాబట్టి పొగదారి అక్కర్లేదు. పసుపు వెలుగుదే కొనండి, తెల్లదానికి ఎర్ర కాగితం పాలిపోతుంది.