వెట్టి పరుగు, ఇష్టపు పరుగు



ఖిలా వరంగల్ చూచివచ్చినవారికి అచ్చటి నాలుగు శిలాతోరణములు జ్ఞాపకముండును. గోడలను జ్ఞాపకముంచుకొనువారు తక్కువ. ఈ నెల నేను వ్రాయబోవునది ఆ గోడలను గూర్చియు, వాటి చుట్టు తిరిగిన కాళ్లను గూర్చియు. కాకతి గణపతిదేవుని కాలమునను ఆయన కుమార్తె రుద్రమదేవి కాలమునను బలపడిన ఈ కోటకు లోపల రాతిగోడయు, దాని వెలుపల మట్టిగోడయు గలవు. రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, దానికి 45 బురుజులు. మట్టికోట అడ్డుకొలత దానికి రెట్టింపు. అనగా రాతికోట చుట్టు ఒకమారు తిరిగినవాడు నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువగా నడచినవాడగును. మట్టికోట చుట్టు తిరిగినవానికి ఏడున్నర కిలోమీటర్లగును. కోటలోపల నేటికిని ఇండ్లున్నవి, పొలములున్నవి, పశువులను తోలుకొనిపోవువారున్నారు.

మా సంఘములలో చదువుకొన్న యౌవనస్థులు కొందరు నన్నొక సంగతి అడిగిరి. ఇంగ్లండు దేశములో కొందరు సాయంకాలము పరుగెత్తుదురట. ఊరక పరుగెత్తి ఇంటికి పోక, ఒక చోటికి చేరి అచ్చట తోట బాగుచేసి, సామాను మోసి, ఒంటరిగానున్న వృద్ధులను పలుకరించి, మరల పరుగెత్తి వచ్చెదరట. మన ఖిలాలో అట్లు చేయరాదా అని వారి ప్రశ్న. నేను దీనిని సంఘపెద్దలయొద్ద ప్రస్తావించితిని. ఒకాయన నవ్వి, "పొద్దంత నాటు ఏసి వచ్చినోనికి ఉరుకుడెందుకయ్యగారూ?" అనెను. మరియొక పెద్దాయన నవ్వలేదు. "మా తాత ఉరికిండు అయ్యగారూ, దొర బండి ముంగట" అని మాత్రము చెప్పి ఊరకుండెను.

మొదటి మాటకు జవాబు చెప్పుట సులువు. రెండవదానికి జవాబు చెప్పవలెనన్న చరిత్ర తిరుగవేయవలెను.

1309–10 సంవత్సరములలో ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు ఈ మట్టిగోడ యెంత గట్టిదో ఢిల్లీ కవి అమీరు ఖుస్రో వ్రాసిపెట్టెను. ఉక్కు బల్లెము గ్రుచ్చినను దిగలేదనియు, యంత్రముతో విసరిన రాతిగుండ్లు తగిలి పిల్లలాడుకొను కాయలవలె ఎగిరి వెనుకకు వచ్చెననియు ఆయన చెప్పిన భావము. శత్రుపక్షమువాడు మెచ్చుకొన్న గోడ అది. 1323లో ఉలుఘ్ ఖాను చేతిలో ఓరుగల్లు పడిపోయినది, ప్రతాపరుద్రుడు బందీయైనాడు. అయినను మట్టిగోడ నిలిచియున్నది. దానిని పోసిన తట్టలెన్ని! ఆ తట్టలెత్తిన వారి పేరు ఒక్కటైనను మనకు దక్కలేదు. వారు కూలికి మోసిరో, బలవంతమునకు మోసిరో నేను చెప్పబోను. ఒక్కటి మాత్రము శాసనముల వలన తెలియును: చెరువులు త్రవ్వించి వాటిని కాపాడినవారికి ఆ కాలములో దశబంధమను మాన్యము, అనగా భూమిలోనో పంటలోనో కొంత భాగము, ఇచ్చెడివారు. ఊరికి ఉపకారమైన పనికి ఊరు ఫలమిచ్చునది న్యాయమని వారెరుగుదురు.

ఆ న్యాయము నిజాము కాలమునాటికి మన పల్లెలలో తలక్రిందులైనది. వెట్టిచాకిరియను మాట మన తాతలకు ఎవరును అర్థము చెప్పనక్కరలేదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట చరిత్రలో దీనిని వివరముగా వ్రాసినారు. ఆయన కమ్యూనిస్టు, ఆయన సిద్ధాంతము వేరు. కాని కండ్లార చూచి వ్రాసినదానిని కాదనుట మనకు తగదు. హరిజన కుటుంబమొక్కొక్కటి ఒక మనిషిని వెట్టికి పంపవలెను. పటేలు, పట్వారీ, దేశముఖుల ఇంటిపనులు చేయవలెను. ఠాణాకును తాలూకా కచేరికిని కాగితములు మోసుకొనిపోవలెను. దొరల ఇంటివారిని పల్లకీలలో మోయువారు కొందరు. దొర ఎడ్లబండిమీద పోవునప్పుడు దారి తొలగించుచు దానిముందు పరుగెత్తువారు కొందరు.

చదువరులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. వైద్యుడు చూచినయెడల ఆ పరుగును ఈనాటి పరుగును ఒకటే. గుండె అట్లే కొట్టుకొనును, పిక్కలు అట్లే బలపడును, చెమట అట్లే కారును. ఎడ్లతో సమానముగా ఉరికినవాని శరీరము ఏ పందెగానికిని తీసిపోదు. అయినను మా పెద్దాయన తాత ఆరోగ్యముకొరకు పరుగెత్తినాడని యెవడైన అనగలడా? దేహమునకు మేలు, పొరుగువానికి సేవ అను ఈ రెండు మాటలను జతచేసినంత మాత్రమున పని పరిశుద్ధము కాదు. వెట్టిలో ఆ రెండును ఉండెను. లేనిది ఒక్కటే: కాదనుటకు హక్కు.

గ్రీకు నూతన నిబంధన చదివినవారికి ఈ సంగతి మరియొక ద్వారమున కనబడును. కొండమీది ప్రసంగములో, ఒకడు నిన్ను బలవంతపెట్టి ఒక మైలు తీసికొనిపోయినయెడల అని ప్రభువు చెప్పినచోట ఉన్న క్రియాపదము అంగరెయువో. పారసీక రాజుల తపాలా గుర్రపు అంచెలకున్న పేరునుండి వచ్చిన మాట అది. ఆ అంచెలను గూర్చి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. అధికారి పనికై దారిని పోవువాని పశువునైనను వానినైనను పట్టుకొనుట దాని తాత్పర్యము. అచ్చమైన తెలుగులో చెప్పవలెనన్న వెట్టికి పట్టుట. నూతన నిబంధనలో ఆ క్రియ మూడుచోట్ల మాత్రమే ఉన్నది. ఒకటి ఈ ప్రసంగము. తక్కిన రెండు, మత్తయియు మార్కును కురేనీయుడైన సీమోనుచేత సిలువ మోయించిన సంగతి చెప్పినచోట. పొలమునుండి వచ్చుచున్న ఆ మనుష్యుని రోమా సైనికులు వెట్టికి పట్టిరి. అతని కుమారుల పేర్లు అలెక్సంద్రు, రూఫు అని మార్కు జ్ఞాపకముంచుకొనెను.

రెండవ మైలును గూర్చి మన ప్రసంగములలో ఎక్కువగా ఓపికను బోధింతుము. ఆ ఓపికను బోధించు మనలో వెట్టికి పట్టబడినవారెందరు? వెట్టి చేసినవారి మనుమల యెదుట నిలువబడి దానిని తేలికగా చెప్పరాదని నా అభిప్రాయము. మొదటి మైలు సైనికునిది. రెండవ మైలు నడచువానిది, ఏలయన దానిని వానిచేత ఎవడును నడిపింపలేడు. ప్రభువు మొదటి మైలును న్యాయమని ఎక్కడను అనలేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. మరుసటి సంవత్సరమే తెలంగాణలో మరియొక విధమైన నడక ఆరంభమైనది. వినోబా భావేగారు 1951 మార్చిలో వార్ధా ప్రాంతమునుండి హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో జరుగు సభకు నడచివచ్చిరి. వారి వయస్సప్పుడు 55, ఇంచుమించు నా యీడే. సభ ముగిసిన తరువాత వారు నల్లగొండ పల్లెలమీదుగా నడచుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. అచ్చటి హరిజనులు తమకు 80 ఎకరములు కావలెననిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. 51 దినముల తెలంగాణ నడకలో వినోబాగారికి 12,201 ఎకరములు దానముగా వచ్చెనని లెక్క. ఆ తరువాత దేశమంతటను వారు పదమూడేండ్ల వరకు నడచిరి. దానముగా వచ్చిన భూమిలో చాల భాగము సేద్యమునకు పనికిరానిదని, పంపిణీ కానిది మరికొంత అని తరువాత తేలినది, దానిని దాచనక్కరలేదు. అయినను, దొర బండి ముందు పేదవాడు ఉరికిన దారులమీదనే పేదవానికొరకు ఒక పెద్దమనిషి కాలినడకన పోవుట చూచిన కండ్లు ఈ దేశములో ఉండెను.

పాశ్చాత్యులలో దీనికి పోలినదొకటి అంతకు ముందే జరిగినది. పియెర్ సెరెసోల్ అను స్విట్జర్లాండువాడు 1920లో, మొదటి ప్రపంచయుద్ధములో నేలమట్టమైన వెర్డూను దగ్గరి ఎస్న్ గ్రామమును మరల కట్టుటకు పలు దేశములవారిని పోగుచేసెను. తుపాకి పట్టిన చేతికి పలుగు పారలిచ్చుట అతని ఉద్దేశ్యము. 1934 భూకంపములో బీహారు పాడైనప్పుడు అతడు తన స్నేహితులతో ఇక్కడికి వచ్చి గ్రామములను కట్టించుటలో పనిచేసెను.

ఇక వ్యాయామపు సంగతి. 1844లో లండనులో జార్జి విలియమ్సు స్థాపించిన యువజన క్రైస్తవ సంఘము, అనగా వై.ఎం.సి.ఏ., ఆత్మ మనస్సు దేహము మూడును కలిసినదే మనుష్యుడని గుర్తుగా త్రిభుజమును పెట్టుకొనెను. ఆ సంఘము పక్షమున హ్యారీ బక్ అను అమెరికా దొర 1920లో మద్రాసులో శరీర వ్యాయామ కళాశాల ప్రారంభించెను. 1924 పారిస్ ఒలింపిక్ ఆటలకు భారత జట్టును తీసికొనిపోయినవారిలో ఆయన యొకడు. మన పాఠశాలల డ్రిల్లు మాస్టర్ల వంశవృక్షము వెదకిన దాని వేరు అనేకసార్లు అచ్చటనే తగులును. అయినను ఆ డ్రిల్లు మైదానములో పుట్టి మైదానములోనే ముగిసెడిది.

మైదానమునుండి వీధిలోనికి పరుగును తెచ్చినది యౌవనస్థులు నాకు చెప్పిన ఆ ఇంగ్లండు ఏర్పాటు. దాని పేరు గుడ్‌జిమ్. ఈ శతాబ్దపు మొదటి పది సంవత్సరముల చివరిభాగములో ఐవో గోర్మ్లీ అనునతడు లండను తూర్పుభాగములో దానిని ఆరంభించెను. వ్యాయామశాలలో జనులు ఇనుము ఎత్తి దింపుచు బలము వ్యర్థపరచుచుండగా, ప్రక్కవీధిలో సహాయములేనివారు ఉండుట అతనికి వింతగా తోచినది. ఆ ఏర్పాటులో నాకు మిక్కిలి నచ్చినది ఒకటున్నది. పరుగెత్తువాడు క్రమముగా చూడబోవు వృద్ధుని వారు 'కోచ్' అందురు, అనగా శిక్షకుడు. ముసలాయన ఎదురుచూచుచుండును గనుక యువకుడు పరుగు మానలేడు. మేలు పొందువాడెవడో చేయువాడెవడో చెప్పుట కష్టము. 2016లో స్వీడనులో ఎరిక్ ఆల్‌స్ట్రోమ్ అనునతడు పరుగెత్తుచు దారిలోని చెత్త ఏరుట ప్రచారము చేసెను. దానిని ప్లాగింగ్ అందురు. వంగి లేచుటకు గుంజీళ్లు తీసినంత పని.

మన దేశములో 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. మంచి పనులు జరిగినవి. సర్టిఫికెట్టుకొరకు గంటలు లెక్కపెట్టుకొనువారును ఉన్నారు.

మా పెద్దాయన మౌనమునకు ఇంకను జవాబు రాలేదు. 1952లో సమాజ వికాస పథకములు ప్రారంభమైనప్పుడు శ్రమదానము అను మాట పల్లెలలో మ్రోగినది. మన హైదరాబాదు ప్రక్కనున్న శామీర్‌పేట గ్రామమును గూర్చి గ్రంథము వ్రాసిన శ్యామాచరణ్ దూబేగారు, తరువాత ఉత్తరప్రదేశ్ పల్లెలలో ఆ శ్రమదానమును పరిశీలించి 1958లో ప్రచురించిరి. పెద్ద కులములవారు మేస్త్రీలవలె నిలువబడి పర్యవేక్షించిరట. పేదలు కూలి పోగొట్టుకొని మట్టి మోసిరట. వేసిన రోడ్డు బండ్లున్నవారికి ఉపయోగపడినది. వెట్టి మరల వచ్చినదని పేదలు దానిని చూచిరి. చూచినది నిజమే గదా!

ఇది సంఘములకు దూరపు మాట కాదు. గుడి ఆవరణ శుభ్రము చేయవలెనన్నను, సభకు పందిరి వేయవలెనన్నను మనము ఎవరిని పిలుతుము? కూలినాలి చేసికొనువారినే. ఉద్యోగస్థులు చందా వ్రాసి కూర్చుందురు. పనికి అలవాటుపడిన చేతులను మరల పనికి పిలిచి దానికి సేవయని పేరు పెట్టుదుము. ఖిలాలో పరుగు ఆరంభమగునట్లయిన నేను మొదట పిలువదలచినది కుర్చీలో కూర్చుండి వారమంతయు గడుపువారిని: గుమాస్తాలను, దుకాణదారులను, ఉపాధ్యాయులను, నావంటి బోధకులను. మాకు నెత్తురులో చక్కెర ఉన్నది, కడుపు ముందుకు వచ్చినది. నాటు వేసివచ్చిన అక్క ఇంటికి పోయి విశ్రమింపవలెను. ఆమె మొదటి మైలు, రెండవ మైలు రెండును ముగిసినవి. రానివాని పేరు ఆరాధనలో ఎత్తరాదు. హాజరుపట్టీ ఉండరాదు.

చేయదగిన పని కూడ చూచి చేయవలెను. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనిది. ఉత్సాహము కొలది పలుగు తీసికొని కందకము త్రవ్వుటకును, గోడరాయి కదల్చుటకును, శిల్పములను తోముటకును మనకు అధికారము లేదు. అట్లు చేసిన మేలుకంటె కీడే యెక్కువ. సందర్శకులు పారవేసిన సంచులు, సీసాలు ఏరవచ్చును. దానికి ఒక గోనె, చేతికి తొడుగులు చాలును. గాజుపెంకులుండును గనుక చెప్పులులేక పోరాదు. వేసవిలో రాయి త్వరగా కాగును. ఎండ ఎక్కకమునుపే ముగించుకొనవలెను. యాబది దాటినవారు ఒక్కమారుగా పరుగెత్తక నడకతో ఆరంభించుట మంచిది. నేను నడకవాడనే.

అన్నిటికంటె ముఖ్యమైన పని చెత్త కాదు. కోటలోని ఊళ్లలోను చుట్టుపట్లను, పిల్లలు హైదరాబాదుకో దుబాయికో పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులున్నారు. రక్తపోటు మాత్రలు తెచ్చిపెట్టువారు లేరు, ఫోనులో కుమారునికి నంబరు కలిపి ఇచ్చువారు లేరు. అట్టి గడపకు వారమునకొకమారు పరుగెత్తుకొనిపోవుటకు యౌవనస్థులు ఒప్పుకొనిరి. మా పెద్దాయనను కూడ అడిగితిమి, పనికి కాదు, శిక్షకునిగా ఉండుటకు. ఆయన ఆలోచించి, "రమ్మనుండ్రి. ఉరికొచ్చినంక కూసోవాలె మరి, నీళ్లు తాగేదాక నేను మాట చెప్త" అనెను.