కుకీలపై పంచదార ఐసింగ్

మెత్తటి పంచదార పొడిని కొద్దిపాటి నీటితోనో పాలతోనో కలిపి కుకీలకూ కేకులకూ వేసే పూత ఐసింగ్. దీనికి పొయ్యి అక్కర్లేదు. వేసినప్పుడు జారుగా పరుచుకుంటుంది, కొన్ని గంటల్లో ఆరి గట్టి పొర అవుతుంది. వెన్న చేర్చి గిలకొడితే అది బటర్‌క్రీమ్. గుడ్డు తెల్లసొనతో చేస్తే రాయల్ ఐసింగ్. రెండూ లేనిదాన్ని సాదా ఐసింగ్ అనీ గ్లేజ్ అనీ అంటారు. ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవారికి అనువైనది ఈ సాదా రకమే.

గట్టిపడే తీరు

ఐసింగ్‌లో పంచదార అంతా కరగదు, కరగకూడదు కూడా. మామూలు గది వేడిలో 100 గ్రాముల నీరు దాదాపు 200 గ్రాముల పంచదారను కరిగించుకోగలదు. ఈ లెక్కన 100 గ్రాముల పొడిలో 15 మిల్లీలీటర్ల నీరు పోస్తే 30 గ్రాములు కరిగి చిక్కటి పాకమవుతాయి. మిగిలిన 70 గ్రాములు కంటికి కనిపించనంత సన్నటి పలుకులుగా ఆ పాకంలోనే ఉండిపోతాయి. ఇంకో టీస్పూన్ నీరు, అంటే 5 మిల్లీలీటర్లు చేర్చితే మరో 10 గ్రాములు కరుగుతాయి. అప్పుడు 45 గ్రాముల పాకం కాస్తా 60 గ్రాములవుతుంది, 70 గ్రాముల పలుకులు 60కి తగ్గుతాయి. ముద్దగా ఉన్నది ఒక్క చెంచా నీటితో ఒక్కసారిగా జారిపోవడానికి కారణం ఇదే. నీరు పెరగడం ఒక ఎత్తు, ఆ నీరు పలుకులను మింగేయడం ఇంకో ఎత్తు. చివర్లో నీటిని చెంచాతో కాక చుక్కలుగా వేయమనేది అందుకే.

తడి ఆరేకొద్దీ పాకంలోని పంచదార మళ్లీ స్ఫటికంగా మారుతూ పక్కపక్కనున్న పలుకులను అతికించేస్తుంది. పంచదార చిలకలు గట్టిపడేదీ ఇలా స్ఫటికాలు కట్టడం వల్లే. కాకపోతే అక్కడ పాకాన్ని పొయ్యి మీద కాచి చెక్క అచ్చుల్లో పోస్తారు, చల్లారుతూ గడ్డకడుతుంది. ఇక్కడ కాచే పని లేదు, ఆరబెట్టే పనే ఉంది.

పూత పెళుసుగా, సున్నం కొట్టినట్టు కళావిహీనంగా ఆరకుండా కొంచెం లిక్విడ్ గ్లూకోజ్ కలుపుతారు. అమెరికా వంటకాల్లో కార్న్ సిరప్ చేసే పని మన కేకు సామాన్ల దుకాణాల్లో దొరికే ఈ గ్లూకోజ్ చేస్తుంది. ఇది పంచదార స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుపడుతుంది. పూత మెరుస్తుంది, కొరికితే పగలకుండా మెత్తగా తెగుతుంది. మోతాదు మించితే మాత్రం ఎంతకీ ఆరదు.

పదార్థాలు, కలిపే పద్ధతి

దుకాణాల్లో అమ్మే ఐసింగ్ షుగర్‌లో పొడి ఉండకట్టకుండా సాధారణంగా కొంత మొక్కజొన్న పిండిపదార్థం కలిపి ఉంటుంది. అమెరికా రకాల్లో ఇది 3 శాతం దాకా ఉంటుంది. ఇంట్లో పంచదారను మిక్సీ పట్టి వాడాలంటే 100 గ్రాములకు ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ చేర్చి, జార్ చల్లారేలా మధ్యమధ్య ఆపుతూ తిప్పి, మైదా జల్లెడతోనో పల్చటి గుడ్డతోనో జల్లించాలి. ఎంత తిప్పినా కొనే పొడి అంత మెత్తన రాదు. కుకీ అంతా పరచడానికి ఈ పొడి చాలు. సన్నటి గీతలు గీయాలంటే ఒక్క పలుకు అడ్డుపడ్డా కోన్ మూసుకుపోతుంది కాబట్టి కొన్నదే మేలు.

200 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు టేబుల్ స్పూన్ల కాచి చల్లార్చిన పాలు లేదా నీరు, రెండు టీస్పూన్ల లిక్విడ్ గ్లూకోజ్, చిటికెడు ఉప్పు, అర టీస్పూన్ నిమ్మరసం. ఇంతతో అరచేతిలో పట్టే కుకీలు సుమారు 20కి పూత వస్తుంది. నిమ్మరసాన్ని చాలామంది వదిలేస్తారు కానీ అది లేకపోతే ఈ పూతకు తీపి తప్ప మరో రుచే ఉండదు. వెనిల్లా వాడితే రంగులేనిది చూసుకోవాలి. గోధుమరంగు ఎసెన్స్ తెల్లటి ఐసింగ్‌ను మీగడ రంగులోకి దించేస్తుంది.

జల్లించిన పొడిలో ముందు సగం పాలే పోసి గరిటెతో మెదపాలి. తర్వాత గ్లూకోజ్, నిమ్మరసం, మిగతా పాలు కొద్దికొద్దిగా చేర్చుకుంటూ పోవాలి. బీటర్‌తో గిలకొడితే గాలి చేరి, ఆరాక పూత మీద బుడగల గుంటలు మిగులుతాయి. కలిపాక గిన్నె మీద తడిగుడ్డ కప్పి పావుగంట పక్కన పెడితే ఉన్న బుడగలు కూడా పైకి తేలి పోతాయి.

చిక్కదనం కొలిచేందుకు ఇంటి బేకర్లు సెకన్లు లెక్కపెడతారు. చెంచాడు ఐసింగ్ ఎత్తి గిన్నెలోకి వదిలితే, పడిన ధార ఆనవాలు పది పదిహేను సెకన్లలో కలిసిపోతే అది కుకీ అంతా నింపడానికి సరైన జారు. ఆనవాలు అలాగే నిలిచిపోతే అంచులు గీయడానికి పనికొస్తుంది. ఐదు సెకన్లలోనే మాయమైతే కుకీ అంచు దాటి కారుతుంది, ఇంకాస్త పొడి పడాలి.

అలంకరణ

కుకీలు పూర్తిగా చల్లారాలి. వేడి మీద వేస్తే ఐసింగ్ కరిగి పక్కలకు జారుతుంది, వెన్న పైకి ఊరి ఆరాక నూనె మచ్చలు పడతాయి. గోరింటాకు కోన్ చుట్టడం వచ్చిన చేతికి పైపింగ్ కోన్ కొత్త కాదు: చివర అంతే సన్నగా కత్తిరించాలి, అంతే నిదానంగా ఒత్తాలి. ముందు చిక్కటి ఐసింగ్‌తో చుట్టూ గట్టు గీస్తారు. ఆ గట్టు కొంచెం బిగిశాక లోపల జారు ఐసింగ్ పోసి, టూత్‌పిక్‌తో మూలల్లోకి లాగుతారు. పూత తడిగా ఉండగానే వేరే రంగు చుక్కలు పెట్టి టూత్‌పిక్ మొనతో మధ్యగా గీస్తే చుక్కలు హృదయాకారాలవుతాయి. చుక్క ఉబ్బెత్తుగా నిలబడాలంటే మాత్రం కింది పూత పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

రంగుల్లో ద్రవరూపం కంటే జెల్ మంచిది, ద్రవంతో పాటు ఐసింగ్‌లోకి నీరూ చేరుతుంది మరి. ఎరుపు, నలుపు కలిపిన వెంటనే వెలవెలబోయినట్టుంటాయి, కొన్ని గంటలకు గాని ముదరవు. ఆత్రంగా ఇంకా పోస్తూ పోతే చేదు వస్తుంది. భారత ఆహార నిబంధనలు ఎనిమిది కృత్రిమ రంగులను మాత్రమే అనుమతిస్తాయి. వాటిలో ఒకటైన ఎరిత్రోసిన్‌కు ఆహారంలో ఇచ్చిన అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. పూతను ముత్యంలా తెల్లగా చేసే టైటానియం డయాక్సైడ్‌ను ఐరోపా సమాఖ్య 2022లో ఆహారంలో నిషేధించింది. వంటింటి రంగుల్లో పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు అన్నిటికంటే బాగా కుదురుతుంది. చిక్కగా మరిగించిన బీట్‌రూట్ రసం చక్కటి గులాబీ రంగునిస్తుంది. పసుపు రంగైతే ఇస్తుంది కానీ దాని వాసన దాగదు, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది కూడా.

గుడ్డుతో చేసేది

ఒక గుడ్డు తెల్లసొనకు సుమారు 200 గ్రాముల ఐసింగ్ షుగర్ చేర్చి గిలకొడితే రాయల్ ఐసింగ్ వస్తుంది. తెల్లసొనలో దాదాపు తొంభై శాతం నీరే. మిగిలిన మాంసకృత్తులు గాలిని పట్టుకుని, ఆరాక ఎముకలా గట్టిపడే నిర్మాణాన్నిస్తాయి. క్రిస్మస్‌కు కట్టే జింజర్‌బ్రెడ్ ఇళ్ల గోడలను అతికించేది ఇదే. పాత్రకు ఏమాత్రం జిడ్డున్నా తెల్లసొన నురగ కట్టదు కాబట్టి ప్లాస్టిక్ గిన్నె కంటే స్టీలు గిన్నె నమ్మకం. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ రాఫాల్డ్ 1769లో అచ్చువేసిన వంటపుస్తకంలోనే పెళ్లి కేకుకు బాదం పూత, దానిపైన పంచదార పూత వేసే పద్ధతి ఉంది. రాయల్ అన్న పేరును మాత్రం 1840లో జరిగిన విక్టోరియా రాణి పెళ్లి కేకుతో ముడిపెడుతుంటారు. ఉత్తర క్రొయేషియాలో ఎర్రటి పూత మీద తెల్లటి ఐసింగ్ గీతలతో చేసే లిసిటార్ హృదయాలు ఇప్పటికీ సంతల్లో అమ్ముడవుతాయి. ఆ జింజర్‌బ్రెడ్ కళ 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

పచ్చి తెల్లసొన వల్ల సాల్మొనెల్లా సోకే ప్రమాదం ఉంది. పిల్లలకు, గర్భిణులకు పెట్టేవాటిలో దాన్ని వాడకపోవడమే మంచిది. బదులుగా వాడే మెరింగ్ పౌడర్ ఎండబెట్టిన తెల్లసొనతో చేసిందే కాబట్టి మన దేశంలో దాని ప్యాకెట్ మీద మాంసాహార గుర్తు ఉంటుంది, శాకాహారుల ఇళ్లలో చెల్లదు. వారికి కాబూలీ శనగలు ఉడికించిన నీరుంది. పప్పుధాన్యాలు ఉడికిన నీరు తెల్లసొనలా నురగ కడుతుందని ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ రోసెల్ 2014లో చూపించాడు. ఆ నీటిని సగానికి మరిగించి, చల్లార్చి గిలకొడితే రాయల్ ఐసింగ్‌కు సరిపోతుంది, శనగల వాసన పంచదారలో దాదాపు తెలియదు.

ఆరబెట్టడం, నిల్వ

సాదా ఐసింగ్ పైపొర గంటా రెండు గంటల్లో బిగుస్తుంది. వేలితో నొక్కినా చెదరనంతగా ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. ఇది పొడి వాతావరణపు లెక్క. గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే పంచదార స్ఫటికాలు ఆ తేమను పీల్చుకుని వాటంతటవే కరగడం మొదలెడతాయి. గ్లూకోజ్ కలిసి ఉంటే అంతకంటే తక్కువ తేమకే చెమరుస్తుంది. వానాకాలం విశాఖపట్నం, కాకినాడల్లో గాలి తేమ ఈ హద్దు చుట్టూనే తిరుగుతుంది. అలాంటప్పుడు గ్లూకోజ్‌ను సగానికి తగ్గించి, ఏసీ గదిలోనో ఫ్యాను కిందో ఆరబెట్టాలి. వేసవిలో హైదరాబాదులో ఇబ్బంది దీనికి తలకిందులు: గిన్నెలోని ఐసింగ్ పని పూర్తికాకముందే అట్టకడుతుంది, తడిగుడ్డ తీయకూడదు.

తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టడం పొరపాటు. బయటికి తీయగానే చల్లటి పూత మీద నీటి బిందువులు పట్టి రంగులు ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. పూర్తిగా ఆరిన కుకీలు గాలి చొరని డబ్బాలో, వరసల మధ్య బటర్ పేపర్ పరిస్తే బయటే వారం దాకా నిలుస్తాయి. వాడగా మిగిలిన సాదా ఐసింగ్‌ను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. తిరిగి తీసినప్పుడు అడుగున పలుకులు, పైన పాకం విడివిడిగా కనిపిస్తే చెడిపోయిందనుకోనక్కర్లేదు, బాగా కలిపితే చాలు.