పియానోకు శ్రుతి కూర్చిన చూపులేని మనిషి



రైల్వేలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మేము ఎన్నోసార్లు చూసిన దృశ్యం ఇది. పెట్టెలో చూపులేని మనిషి ఒకరు పాడుకుంటూ వస్తారు. పక్కన దారి చూపే చిన్నపిల్ల. గొంతు బాగుంటుంది, శ్రుతి తప్పదు. మేమూ చిల్లర వేసేవాళ్ళం. పాట బాగుందని వేశామా, కళ్ళు లేవని వేశామా అని ఏనాడూ మమ్మల్ని మేము ప్రశ్నించుకోలేదు. ఈ మధ్య ఫ్రాన్సు దేశపు క్లోద్ మోంతాల్ చరిత్ర చదివాక ఆ ప్రశ్న వచ్చి మా ఎదుట కూర్చుంది. అందుకే ఈ వ్యాసం. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

కథ మోంతాల్ పుట్టక ముందే మొదలవుతుంది. 1771లో పారిస్ నగరంలో ఒక తిరునాళ్ళు. ఒక కాఫీ అంగడివారు చూపులేని వాద్యగాళ్ళను తెచ్చి, గాడిద చెవులు తగిలించి, ఉత్తుత్తి కళ్ళజోళ్ళు పెట్టి, ఎదుట స్వరాల కాగితం పెట్టి వాయించమన్నారు. జనం పగలబడి నవ్వారు. ఆ గుంపులో నవ్వలేకపోయిన మనిషి వాలెంటిన్ హాయీ. ఆయనే 1780లలో చూపులేని పిల్లలకోసం పారిస్‌లో బడి పెట్టాడు. లోకంలో అలాంటి బళ్ళకు అదే తొలి మెట్టు. లూయీ బ్రెయిలీ చదివిందీ, తన చుక్కల లిపిని తయారుచేసిందీ అక్కడే.

మోంతాల్ 1800లో లా పాలిస్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. పదహారు, పదిహేడేళ్ళ వయసులో పారిస్ బడికి చేరాడు. సంగీతం నేర్చాడు, చదువులో ముందున్నాడు, అక్కడే చిన్న పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడయ్యాడు. వ్యాకరణం, లెక్కలు, సంగీతం చెప్పాడు. అయితే సంగీతం వచ్చినంత మాత్రాన బడి బయట కడుపు నిండదు కదా. కచేరీలు కొందరికే. మిగిలినవారికి మళ్ళీ వీధే.

ఆ బడిలో పియానోలు ఉండేవి. వాటికి శ్రుతి చేయడానికి బయటి నుంచి చూపున్న పనివాడు వచ్చేవాడు. ఆ శ్రుతి మోంతాల్ చెవికి నచ్చలేదు. తోటివాడు ఒకరితో కలిసి తనే పియానో తెరిచి తంతులు సరిచేయబోయాడు. ఆ పనివాడు వెళ్ళి పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. పియానో లోపల చెయ్యి పెట్టకూడదని వీళ్ళకు ఆజ్ఞ వచ్చింది. అప్పుడు ఇద్దరూ ఒక పాత పియానో సంపాదించి, ముక్క ముక్కగా విప్పి, ఒక్కొక్క భాగాన్నీ తడిమి తెలుసుకుని, మళ్ళీ బిగించారు. అది పలికింది. చూసిన అధికారులు ఆశ్చర్యపోయి బడి పియానోలన్నీ వాళ్ళకే అప్పగించారు.

ఈ పని ఎంత కష్టమో మన సంగీతం తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. తంబురాకు నాలుగు తంతులు. నేటి పియానోకు 88 మెట్లు, సుమారు 230 తంతులు. పై స్థాయిలో ఒక్కొక్క స్వరానికి మూడేసి తంతులు, మూడూ ఒకటే అన్నట్టు పలకాలి. ఏమాత్రం తేడా ఉన్నా ధ్వని ఊయలలా ఊగుతుంది. ఆ ఊపును చెవితో లెక్కపెడుతూ బిరడ తిప్పాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మనం షడ్జమానికి పంచమాన్ని నిక్కచ్చిగా కలుపుతాం, అది 2కి 3 నిష్పత్తి. పియానోలో అలా పంచమం మీద పంచమం 12 సార్లు కలుపుతూ పోతే చివరికి బయలుదేరిన స్వరానికే రావాలి. రాదు. అర స్వరంలో దాదాపు నాలుగో వంతు ఎక్కువవుతుంది. ఆ మిగులు ఒకే చోట వదిలేస్తే అక్కడ వినలేం. అందుకని శ్రుతి చేసేవాడు ప్రతి పంచమాన్నీ వెంట్రుకవాసి తగ్గించి, ఆ తేడాను పన్నెండింటికీ సమంగా పంచుతాడు. అంటే ప్రతి పంచమమూ కొంచెం తప్పేలా, ఏ తప్పూ వినపడకుండా చేయాలి. చూపు దీనికి అక్కరలేదు, చెవి కావాలి.

1830లో మోంతాల్ బడి వదిలి పారిస్‌లో సొంతంగా పని మొదలుపెట్టాడు. ఇంట గెలిచాడు, రచ్చ గెలవడం మిగిలింది. ఆ ఏడాదే జూలైలో విప్లవం. పైగా ఖరీదైన పియానోను చూపులేని మనిషి చేతికి ఎవరిస్తారు? పని దొరకక నానా ఇబ్బందులు పడ్డాడు. చివరికి సంగీత కళాశాల ఆచార్యుడు ఒకరు తన రెండు పియానోలను ఒకదానితో ఒకటి కలిసేలా శ్రుతి చేయమని అడిగాడు. మోంతాల్ చేసి చూపించాడు. ఆ నోటా ఈ నోటా మాట పాకి, ఇతర సంగీతజ్ఞులు కూడా పిలవసాగారు. 1836లో ఎవరి పియానోకు వారే శ్రుతి చేసుకునే విధానం మీద పుస్తకం వేశాడు. తరువాత సొంత కార్ఖానా పెట్టి పియానోలు తయారు చేశాడు. 1851లో లండన్ మహాప్రదర్శనకు ఆయన పియానో వెళ్ళింది. ఫ్రెంచి ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు ఇచ్చింది. 1865లో ఆయన కాలం చేసేనాటికి చూపులేనివారికి పియానో శ్రుతి ఒక గౌరవమైన వృత్తి. 1872లో లండన్‌లో వెలసిన రాయల్ నార్మల్ కళాశాలలోనూ ఈ విద్య నేర్పారు.

మన తెలుగువారిలోనూ ఇలాంటి మంచి తలపు ఒకటి ఉంది. విజయనగరంలో 1919లో విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టింది, చూపులేని కుర్రవాడు చాగంటి గంగరాజుకు సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. చూపు మందగించి బడి చదువు ఆగిపోయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు ఆచార్యులై, తరువాత అధ్యక్షులూ అయ్యారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులో నుంచి తరువాత ఘంటసాల గారు కూడా నడిచారు.

మోంతాల్‌కు చిల్లర వేసినవారు ఎందరో ఉండి ఉండవచ్చు, వారితో ఆయన బతుకు మారలేదు. తన పియానోలు నమ్మి అప్పగించిన ఆ ఒక్క ఆచార్యుడితో మారింది. మేము రైల్లో వేసిన నాణేలన్నీ తలుచుకుంటే, ఒక్కరినైనా పేరు అడగలేదే అని ఇప్పుడు సిగ్గు వేస్తోంది.

అందుకే సంఘానికి ఒక మనవి. వచ్చే ఉగాదికి కచేరీ పెట్టినప్పుడు మన చుట్టుపక్కల ఉన్న చూపులేని విద్వాంసులను పిలుద్దాం. జాలితో కాదు, మిగతావారికి ఇచ్చే పూర్తి సంభావనతో. బాగా పాడకపోతే బాగాలేదని చెబుదాం, అదీ మర్యాదే. ఎవరికైనా అలాంటి విద్వాంసులు తెలిసి ఉంటే సంఘం కార్యదర్శి గారికి చెప్పండి. మా రాతలో తప్పులుంటే దిద్దండి.