భూకంప మండలాల పటం: ఒక చారిత్రక ఆధారం

1934 జనవరి 15న బిహార్, నేపాల్ ప్రాంతాలను కుదిపేసిన భూకంపం గురించి ఆధునిక భారతదేశ చరిత్రలో మీరు చదివే ఉంటారు. అది అస్పృశ్యత అనే పాపానికి దేవుడు విధించిన శిక్ష అని గాంధీ అన్నారు. ప్రకృతిలో జరిగే సంఘటనకు అలాంటి కారణం చెప్పడం తగదని రవీంద్రనాథ్ టాగూర్ అభ్యంతరం తెలిపారు. చరిత్ర పాఠాల్లో ఆ భూకంపం చాలావరకు ఈ వాదంగానే మిగిలిపోయింది. వాదం ముఖ్యమైనదే. అయితే అదే కాలంలో, అంత పేరు రాని మరొక ప్రయత్నం బెలూచిస్తాన్‌లో జరుగుతోంది. భూమి ఎందుకు కంపించిందని కాకుండా, కంపించినప్పుడు ఇల్లు ఎందుకు కూలిందని అక్కడ ఒక యువ రైల్వే ఇంజనీరు అడిగారు. ఈ పాఠంలో మనం ఆ ప్రశ్న వెంట వెళ్తూ, ఒక కొత్త రకం ఆధారాన్ని చదవడం నేర్చుకుందాం.

శాసనాలు, నాణేలు, రెవెన్యూ రికార్డులు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. దేశాన్ని రంగులుగా విభజించి, ఎక్కడ భూకంప ప్రమాదం ఎంతో చూపే పటం కూడా అలాంటి ఆధారమే. ఆ పటం భూమి గురించి చెబుతుందని అందరూ అనుకుంటారు. అది గీసిన నాటికి మనకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నది కూడా అది చెబుతుంది. చరిత్ర విద్యార్థికి కావలసింది ఆ రెండోది.

పాత రైలు పట్టాల ఇళ్లు

1931 ఆగస్టులో బెలూచిస్తాన్‌లోని మాచ్ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. రైల్వే సిబ్బంది క్వార్టర్లను తిరిగి కట్టే పని ఎస్.ఎల్. కుమార్ అనే ఇంజనీరుకు వచ్చింది. ఆయన పాత రైలు పట్టాలను నిలువుగా, అడ్డంగా కలిపి ఇంటికి ఇనుప చట్రం చేశారు. గోడ కింది భాగాన్ని ఇటుకతో కట్టి, పై భాగానికి తేలికైన పలకలు వాడారు. ఇక్కడ రెండు సూత్రాలు గమనించండి. మొదటిది, భూమి పక్కకు ఊగినప్పుడు ఇంటి మీద పడే బలం ఆ ఇంటి బరువును బట్టి పెరుగుతుంది. కాబట్టి పైభాగం తేలికగా ఉండాలి. రెండోది, గోడలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి పెట్టెలా కలిసి కదలాలి. విడివిడిగా నిలబడ్డ గోడ విడిగానే పడిపోతుంది.

కుమార్ తన అనుభవాన్ని 1933లో వ్యాసంగా ప్రచురించారు. రెండేళ్లకే, 1935 మే 31 తెల్లవారుజామున, క్వెట్టా నేలమట్టమైంది. మృతులు 30,000 నుంచి 60,000 దాకా ఉంటారని అంచనాలు ఉన్నాయి. ఆ శిథిలాల మధ్య కుమార్ పద్ధతిలో కట్టిన రైల్వే ఇళ్లు నిలబడి ఉన్నాయి. శాస్త్ర చరిత్రలో ఒక సిద్ధాంతానికి ఇంత త్వరగా, ఇంత కఠినంగా పరీక్ష జరగడం అరుదు. ఆ తరువాత క్వెట్టాలో నిర్మాణ నియమాలు వచ్చాయి. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి, వాటిలో ఇనుప చువ్వలు నిలిపి గచ్చు నింపే ‘క్వెట్టా బాండ్’ పద్ధతి కూడా ఆ కాలానిదే.

దేశమంతటికీ వర్తించే నియమావళి రావడానికి మాత్రం మరో పాతికేళ్లు పట్టింది. రూర్కీలో జైకృష్ణ ఆధ్వర్యంలో 1960లో భూకంప ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విద్యాకేంద్రం ఏర్పడింది. 1962లో ఐఎస్ 1893 అనే ప్రమాణం, దానితోపాటు మండలాల పటం వెలువడ్డాయి.

కొయినా: పటం మారిన రాత్రి

దక్కన్ పీఠభూమి ప్రాచీన శిలలతో ఏర్పడింది. అది గట్టిది, కదలనిది అన్న నమ్మకం భూగర్భ శాస్త్రవేత్తల్లోనూ బలంగా ఉండేది. 1966 పటంలో ద్వీపకల్పంలోని చాలా భాగానికి ‘సున్నా’ మండలం అని పేరు పెట్టారు. కొయినా అందులోనే ఉంది. మహారాష్ట్రలోని ఆ లోయలో 103 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టి 1962 నుంచి నీరు నింపుతున్నారు. నీరు నిండుతున్న కొద్దీ చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 180 మంది చనిపోయారు. ఆనకట్ట పైభాగంలో పగుళ్లు వచ్చాయి గానీ అది తెగలేదు.

ఆనకట్ట లోపల ఉన్న పరికరం ఆ కదలికను నమోదు చేసింది. భూమ్యాకర్షణ త్వరణంలో 0.05 వంతు బలం పక్కనుంచి పడుతుందని లెక్కించి ఆనకట్టను రూపొందించారు. పరికరం నమోదు చేసిన గరిష్ఠ త్వరణం సుమారు 0.6 వంతు. ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదని ఇంజనీర్లు అంటారు, అది నిజమే. పరికరం క్షణకాలపు గరిష్ఠాన్ని చూపుతుంది, లెక్కలోది నిలకడగా పడే బలం. అయినా అప్పటి అంచనాకూ, జరిగినదానికీ ఉన్న దూరం వీటిని చూస్తే అర్థమవుతుంది.

జలాశయం వల్ల భూకంపం రావచ్చా అన్న ప్రశ్నకు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాల పాటు పనిచేసింది. 1961లో స్థాపితమైన ఆ సంస్థకు చెందిన హర్ష్ గుప్తా కొయినా అధ్యయనాలతో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. వారి వివరణలో ఒక సూక్ష్మం ఉంది. నీరు భూకంపాన్ని సృష్టించదు. శిలల్లో అప్పటికే పేరుకుపోయిన ఒత్తిడి ఉండాలి. పగుళ్లలోకి దిగిన నీటి పీడనం ఆ శిలలు ఒకదానిపై ఒకటి జారకుండా ఆపే పట్టును తగ్గిస్తుంది. పరీక్షల్లో చాలామంది ‘నీటి బరువు వల్ల’ అని ఒక్కమాటలో రాసేస్తుంటారు. బరువుకూ పాత్ర ఉంది, కానీ అంతటితో ఆగకండి.

1970లో ‘సున్నా’ మండలాన్ని రద్దు చేసి, దేశాన్ని ఐదు మండలాలుగా విభజించారు. ప్రమాదం బొత్తిగా లేని చోటు లేదని ప్రభుత్వ పత్రం ఒప్పుకొన్నట్లయింది.

కిల్లారి: పటానికి అందని ఊరు

ఆ 1970 పటంలో లాతూరు జిల్లాలోని కిల్లారి ఒకటో మండలంలో, అంటే ప్రమాదం అతి తక్కువ అన్న రంగులో పడింది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడా ప్రాంతం అది. 1992లోనే అక్కడ చిన్న ప్రకంపనలు వచ్చి జనం భయపడ్డారు. 1993 సెప్టెంబర్ 30న, వినాయక నిమజ్జనం ముగిసిన రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి కాస్త ముందు 6.2 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాదులోనూ ఆ కదలిక తెలిసింది. దాదాపు 8,000 మంది చనిపోయారు.

కొయినా, కిల్లారి భూకంపాల తీవ్రత ఇంచుమించు ఒకటే. మరణాల్లో ఇంత తేడా ఎందుకు? జనసాంద్రత, లోతు వంటి కారణాలు ఉన్నాయి. కానీ ఇళ్లను చూడకుండా జవాబు రాయలేరు. కిల్లారి ఇళ్లకు రెండడుగులకు మించిన మందంతో బండరాళ్ల గోడలు ఉండేవి. రాళ్లను కలిపింది మట్టి. లోపలి వరుసకు, బయటి వరుసకు మధ్య చిన్న రాళ్లు పోసేవారు. రెండు వరుసలనూ కలిపే పొడుగు రాయి ఉండేది కాదు. ఎండకు చల్లగా ఉండాలని చెక్క దూలాల మీద మందంగా మట్టి పరిచేవారు. ఊగగానే గోడ రెండుగా చీలింది, మట్టి కప్పు నిద్రపోతున్నవారి మీద పడింది. వీటిని ‘అజ్ఞానపు ఇళ్లు’ అని రాసిన వ్యాసాలు ఉన్నాయి. నేను ఆ మాట ఒప్పుకోను. దొరికిన సామగ్రితో, ఆ వాతావరణానికి తగినట్టు కట్టిన ఇళ్లవి. వేడిని తట్టుకోవడానికి తరతరాలుగా మెరుగుపడ్డాయి. భూకంపం ఎరుగని తరాలు దానికి ఇల్లు కట్టుకోలేదు.

తలుపులు, కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ వేయాలని, మూలలను కలపాలని చెప్పే ఐఎస్ 4326 ప్రమాణం 1967లోనే వచ్చింది. అంటే జ్ఞానం ఉంది. కానీ అది ఆంగ్లంలో, ఇంజనీర్ల అలమరాల్లో ఉంది. ప్రమాదం అతి తక్కువ అని పటం చెప్పిన చోట దాన్ని అడిగేవారే లేరు. ఊరి మేస్త్రీ చేతికి అది చేరే దారి ఎవరూ వేయలేదు. కుమార్ ఇళ్లు క్వెట్టాలో నిలబడి అప్పటికి 58 ఏళ్లు.

2001 భుజ్ భూకంపం తరువాత, 2002లో ఒకటో మండలాన్ని రెండోదానిలో కలిపేశారు. కిల్లారి ప్రాంతం మూడో మండలంలోకి మారింది.

అభ్యాసం

2002 పటంలో హైదరాబాదు, విశాఖపట్నం, కర్నూలు రెండో మండలంలో, విజయవాడ, నెల్లూరు మూడో మండలంలో ఉన్నాయి. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5కు పైగా తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. 1966, 1970, 2002 పటాలను పక్కపక్కన పెట్టుకుని మీ జిల్లా రంగు ఎప్పుడు మారిందో, మారకపోతే ఎందుకు మారలేదో ఒక పేజీలో రాయండి. మీ ఊరిలో ఇళ్లు కట్టే ఒక పెద్ద మేస్త్రీని కలిసి, కిటికీల పైన ఇంటి చుట్టూ పట్టీ వేస్తారా, వేస్తే ఎప్పటి నుంచి, ఎవరు చెప్పగా మొదలుపెట్టారో అడిగి, ఆయన మాటల్లోనే ఆ పేజీకి జతచేయండి.